పాత పేటలో కాపురం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత పేటల్లోని ఇళ్ల గురించి ఈమధ్య ఉత్తరాలు బాగా పెరిగాయి. కొందరు అక్కడికి వెళ్లి ఉండాలనుకుంటున్నారు, కొందరు ఇప్పటికే ఉంటూ ఇబ్బంది పడుతున్నారు. పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఇంజనీర్లు, సున్నం పని తెలిసిన మేస్త్రీలు కలిసి వాటికి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: మేం హైదరాబాదు మియాపూర్‌లో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాం. రాజమండ్రి ఇన్నీసుపేటలో మా అత్తగారి పాత మండువా ఇల్లుంది. మావారు రిటైరయ్యారు, అక్కడికి వెళ్లిపోదామని ఇద్దరికీ ఉంది. మా అబ్బాయి మాత్రం అదంతా పాతకాలపు మోజేనని, ఆర్నెల్లకే తిరిగొచ్చేస్తామని అంటున్నాడు. పాత పేటలో నిజంగా అంత సుఖం ఉందా? వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ఉందండీ. ఆ సుఖం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుని వెళ్తే నిలుస్తుంది.

పాత పేటలు కాలినడకన తిరిగే మనుషుల కోసం పుట్టినవి. గుడి, కూరగాయల బజారు, మందుల షాపు, దర్జీ, పిండిమర పది నిమిషాల నడకలో దొరుకుతాయి. అరవై దాటినవాళ్లకు ఇది లిఫ్టుకంటే, క్లబ్‌హౌసుకంటే పెద్ద సౌకర్యం. ఇక అరుగు సంగతి. అది ఇంటివాళ్లదే, అయినా దానిమీద వీధికీ కొంత హక్కుంటుంది. దారినపోయేవాళ్లు కూర్చుంటారు, పలకరిస్తారు, రెండు రోజులు తలుపు తెరుచుకోకపోతే ఏమైందని అడుగుతారు. గేటెడ్ కమ్యూనిటీలో డబ్బు పోసి కొనుక్కునే భద్రత ఇక్కడ ఆ అరుగులోంచి వస్తుంది. అందుకే అరుగు కొట్టేసి కారు షెడ్డు వేసుకోవడం దగ్గరే చాలా పేటల పతనం మొదలైందని మా నమ్మకం.

రెండోది చల్లదనం. పద్దెనిమిది అంగుళాల ఇటుక గోడలో మధ్యాహ్నపు వేడి లోపలివైపుకు చేరేసరికి రాత్రవుతుంది. ఆ వేడిని ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మండువా మీదుగా పైకి వదిలేస్తే తెల్లారేసరికి గోడలు చల్లబడతాయి. కాబట్టి వేసవిలో పొద్దున ఎనిమిదిన్నరకల్లా కిటికీలు మూసి, సాయంత్రం బయటి గాలి చల్లబడ్డాక అన్నీ తెరవాలి. అపార్ట్‌మెంటు అలవాటు ప్రకారం మధ్యాహ్నం తలుపులు బార్లా తీసి, రాత్రి గదులు బిగించుకుంటే అదే ఇల్లు ఉడికిపోతుంది. ‘పాత ఇళ్లు చల్లగా ఉంటాయన్నారు, ఇదేం చల్లదనం’ అనేవాళ్లలో చాలామంది చేసేది ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. సందులోకి అంబులెన్సు వస్తుందా అన్నది మొట్టమొదట చూడండి. రాకపోతే స్ట్రెచర్ మీద ఎంతదూరం మోయాలో కొలుచుకోండి. మురుగు పైపు ఎక్కడ కలుస్తుందో, ఆ మ్యాన్‌హోల్ వానాకాలంలో పొంగుతుందో లేదో చూడండి. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. అప్పుడు మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడగండి, వాళ్లు గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మున్సిపల్ నీళ్లు ఏ వేళకు, ఎంత ఒత్తిడితో వస్తాయో తెలుసుకోండి.

ఇంటిని మూడు వేళల్లో చూడాలి: గట్టివాన పడిన మర్నాడు, మే నెల మధ్యాహ్నం మూడింటికి, ఒక పండగనాటి రాత్రి. మొదటిసారి కప్పు, రెండోసారి గాలి, మూడోసారి పేట రద్దీ తెలుస్తాయి. దూలాల కొనలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. అర అంగుళం కంటే సులువుగా దిగితే కుళ్లు పట్టినట్టే. సుత్తితో తట్టినప్పుడు బోలు చప్పుడు వస్తే లోపల చెదలు తినేసి ఉండొచ్చు. పగుళ్లకు అడ్డంగా పెన్సిలు గీతలు గీసి, పక్కన తేదీ, వెడల్పు రాయండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా వెడల్పు మారకపోతే అది పాత పగులు, సున్నంతో పూడిస్తే చాలు. పెరుగుతున్నా, అయిదు మిల్లీమీటర్లు దాటినా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

మియాపూర్ ఫ్లాటును ఇప్పుడే అమ్మకండి. ఏడాదిపాటు అద్దెకిచ్చి వెళ్లండి. అన్ని రుతువులూ ఆ ఇంట్లో గడిపాక నిర్ణయం తీసుకోవచ్చు.

ప్రశ్న: విశాఖ పాత నగరంలో కురుపాం మార్కెట్‌కు దగ్గర్లో మాది దాదాపు వందేళ్ల ఇల్లు. మూడేళ్ల కిందట గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, ఖరీదైన ఎమల్షన్ వేయించాం. ఏడాది తిరక్కుండానే నేలనుంచి మూడడుగుల ఎత్తుదాకా పొక్కులు లేచి రాలిపోతోంది. తెల్లగా ఉప్పు తేలుతోంది. ఈసారి వాటర్‌ప్రూఫ్ పొడి కలిపి సిమెంటు వేస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. ఇప్పుడు మూడడుగుల దగ్గరున్న చెమ్మ గీత ఇంకా పైకి ఎక్కుతుంది. దయచేసి ఆ పని చేయించకండి.

ఆ కాలపు గోడల పునాదిమీద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల్లోంచి, సున్నపు అతుకుల్లోంచి పైకి లాగబడుతుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లూ ఆ తడి గోడ పొడవునా బయటికి ఆవిరైపోయేది. గోడ తడుస్తూ, ఆరుతూ వందేళ్లు నిలబడింది. సిమెంటు, దానిమీద ప్లాస్టిక్ పెయింటు ఆ దారి మూసేశాయి. ఇప్పుడు తడి మూత లేనిచోటు దొరికేదాకా పైకి పోతుంది. దాంతోపాటు వచ్చే ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి, ఉబ్బి, పూతను ముందుకు తోస్తుంది. సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి మీకు ఆ ఉప్పు మరీ ఎక్కువ.

ముందు నీళ్లు ఎక్కడివో పట్టుకోవాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు ఉంటే అది గాలిలోని తేమ, గది కిటికీలు తెరవడంలేదన్నమాట. గోడలోంచే అయితే వీధిలోకి వెళ్లి చూడండి. పాత పేటల్లో అసలు నేరం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. సీసీ రోడ్డుమీద సీసీ రోడ్డు వేస్తూ పోవడంతో వీధి మీ గచ్చుకంటే ఎత్తయి ఉంటుంది. వాననీరంతా గోడ మొదట్లో నిలుస్తుంది. పక్క కాలువ పగిలి ఉండొచ్చు, స్నానాల గది పైపు కారుతూ ఉండొచ్చు. ఇవి సరిచేయకుండా గోడకు ఏ పూత వేసినా దండగ.

గోడ పక్కన మీ జాగా అడుగున్నర ఉన్నా చాలు. గచ్చు మట్టానికి ఆరేడు అంగుళాలు కిందికి తవ్వి, అడుగున చిల్లుల పైపును కాలువవైపు వాలుగా పెట్టి, పైన నలభై మిల్లీమీటర్ల కంకర నింపండి. పునాది అడుగుకంటే లోతు మాత్రం పోవద్దు, గోడ దిగిపోతుంది. జాగా లేకపోతే వీధివాళ్లంతా కలిసి, కొత్త రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి తీశాకే వేయమని మున్సిపాలిటీకి రాతపూర్వకంగా అడగాలి. ఒక్క ఇల్లు అడిగితే పని జరగడం కష్టం.

తర్వాత గోడ. చెమ్మ గీతకు రెండడుగుల పైదాకా సిమెంటు పూత ఉలితో నెమ్మదిగా తీయించండి. డ్రిల్లు మిషను పెడితే ఇటుక ముఖం ఊడొస్తుంది. ఇటుకల మధ్య పొడిబారిన సున్నాన్ని ముప్పావు అంగుళం లోతు గోకి తీసి, గట్టి పొడి బ్రష్షుతో ఉప్పు దులిపి, ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే కాగితపు గుజ్జునో, మెత్తటి బంకమట్టినో మంచినీళ్లతో ముద్దచేసి అంగుళం మందాన మెత్తాలి. ఆరి బిరుసెక్కాక ఊడదీసి పారేయాలి. రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు ఉప్పు దిగుతుంది. ఆపైన గోడను అలా వదిలేయండి. పద్దెనిమిది అంగుళాల గోడ పూర్తిగా ఆరడానికి ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. కనీసం ఒక వేసవి ఆరనివ్వాలి. ఇటుకలు కనిపిస్తున్నాయని చుట్టాలు అడిగినా ఓపిక పట్టండి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

పూతకు కనీసం మూడు వారాలు నీళ్లలో నానిన తడి సున్నం వాడాలి. ఎన్నాళ్లు నానితే అంత మంచిది. అడుగు పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన నది ఇసుక. సముద్రపు ఇసుక పనికిరాదు. పై పూతకు ఒకటికి రెండు, జల్లెడపట్టిన సన్న ఇసుక. ఒక్కో పొర అర అంగుళం దాటకూడదు. పొరకూ పొరకూ మధ్య వారం ఆగి, అడుగు పొరను గీకి గరుకు చేయాలి. సున్నం గాలిని పీల్చుకుంటూ గట్టిపడుతుంది, ఆ పని జరగాలంటే తడి ఉండాలి. వారం పది రోజులు గోనెపట్టాలు కట్టి, రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. ఎండలో గబగబా ఆరితే జుట్టంత సన్నని పగుళ్లు వస్తాయి. వానాకాలంలో అసలు ఆరదు. మీ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలలు ఈ పనికి అనువు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రీలున్నారు. మంచి పద్ధతే, కానీ తడుపు తగ్గించడానికి అది సాకు కాకూడదు.

‘బలానికి కొంచెం సిమెంటు కలుపుదాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. స్నానాల గది పక్క గోడలాంటి చోట్ల ఒక పాలు సున్నం, ఒక పాలు మెత్తటి ఇటుక పొడి, రెండు పాళ్ల ఇసుక కలిపితే తడిని తట్టుకునే గట్టిదనం వస్తుంది. పైన పాలంత పలుచగా మూడు నాలుగు చేతులు సున్నం వేయించండి. రంగు కావాలంటే సున్నంలో కలిసే మట్టి రంగులున్నాయి. ఎమల్షన్ మళ్లీ వద్దు.

ప్రశ్న: కాకినాడలో మాది మద్రాసు టెర్రసు ఇల్లు. టేకు దూలాల మీద ఇటుకలు, పైన సున్నం. రెండు గదుల్లో కారుతోంది. కాంట్రాక్టరు ఒకాయన పైన నాలుగంగుళాల స్లాబు పోస్తే జీవితాంతం దిగులుండదంటున్నారు. ఇంకొకాయన తారు షీటు పరుస్తామంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. కాంక్రీటు ఘనపు మీటరుకు 2,500 కిలోలు. నాలుగంగుళాల స్లాబంటే చదరపు మీటరుకు 250 కిలోలు. పన్నెండు పదిహేను అడుగుల గదిమీద నాలుగు టన్నులపైన కొత్త బరువు. ఆ దూలాలు ఇప్పటికే ఇటుక, సున్నం, పెంకుల బరువు మోస్తున్నాయి. కొత్త బరువు గోడలమీద విడిగా కూర్చునేలా ఎవరైనా లెక్కగట్టి డిజైను చేసిస్తే తప్ప ఆ మాట వినవద్దు.

తారు షీటు తేలికే, కానీ దాని చెరుపు వేరు. మద్రాసు టెర్రసులో దూలాలమీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన మూడు నాలుగంగుళాల ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి, చెక్కబద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిచేసి, ఆపైన పలక పెంకులు పరుస్తారు. వానకు కాస్త పీల్చుకుని, ఎండకు వదిలేయడం ఆ కప్పు తత్వం. పైన షీటు వేస్తే లోపలున్న తడికి పోయే దారి కిందివైపే మిగులుతుంది. అది దూలాలకు చేరుతుంది. కారడం ఆగిందని మీరు అనుకుంటూ ఉండగానే కొనలు కుళ్లిపోతాయి.

చేయవలసింది ఇది. కప్పుమీద నాలుగు బిందెల నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. పది అడుగులకు రెండంగుళాల వాలు ఉండాలి. చాలా ఇళ్లలో కారుడుకు కారణం ఆకులతో పూడుకున్న తూము, లేదా తూము చుట్టూ విడిపోయిన అతుకు. పిట్టగోడ కప్పును కలిసే మూల రెండో అనుమానితుడు. అక్కడ మూడంగుళాల గుండ్రటి వాలు కట్టించాలి.

రావి మొక్క మొలిచి ఉంటే పీకవద్దు, వేరుతోపాటు ఇటుకలు లేచొస్తాయి. మొదలుకు కోసి, మోడులో అర అంగుళం రంధ్రం చేసి కలుపుమందు నింపి, పూర్తిగా చచ్చాక వేరు తీసి ఆ సందు పూడ్చాలి.

పగిలిన పెంకులు ఎత్తి, కింద సున్నం గట్టిగా ఉందా, చేతికి పొడిగా వస్తోందా చూడండి. పొడిగా ఉంటే ఆ ముక్క మొత్తం తీసి, ఇటుక పొడి కలిపిన సున్నంతో మళ్లీ వేసి కొట్టించాలి. గట్టిగా ఉంటే పగులును V ఆకారంలో వెడల్పు చేసి, తడిపి, అదే మిశ్రమం నింపి పెంకులు పరిస్తే చాలు. ఏటా ఉగాది లోపల కప్పుకు రెండు చేతులు తెల్ల సున్నం వేయించండి. సన్న పగుళ్లు మూసుకుంటాయి, గదిలో వేడి తగ్గుతుంది.

పైపని మొదలెట్టకముందే కింద దూలాలు చూడాలి. కొన కుళ్లినా మిగతా దుంగ బాగుంటే దూలమంతా మార్చనక్కర్లేదు. కిందనుంచి సరుగుడు బాదులతోగానీ (ఊతంగా నిలబెట్టే కర్రలు) ఇనుప జాకీలతోగానీ బరువు ఎత్తిపట్టాలి. జాకీ అడుగున మందపాటి చెక్క పలక లేకపోతే గచ్చు పగులుతుంది. కుళ్లిన ముక్క కోసేసి, రెండు పక్కలా ఇనుప ఛానెళ్లు పెట్టి బోల్టులు బిగిస్తారు. ఛానెలు మంచి కర్రమీదకు కనీసం రెండడుగులు రావాలి. బోల్టుల సైజు, సంఖ్య ఇంజనీరు చెప్పాలి. గోడలో కూర్చునే చోట కొనకూ పక్కలకూ అంగుళం గాలి సందు వదలండి. దాన్ని సిమెంటుతో బిగించేస్తే పదేళ్లలో మళ్లీ ఇదే పని.

ప్రశ్న: వరంగల్ మట్టెవాడలో పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వైరింగు చెక్క పట్టీల్లో ఉంది. ఏసీ, గీజరు పెట్టుకోవచ్చా?

జవాబు: ఆ వైరింగుమీద వద్దు. చెక్క పట్టీల్లోని పాత తీగల రబ్బరు తొడుగు చేత్తో పట్టుకుంటే పొడిగా రాలుతుంది. ఇంటివారితో మాట్లాడి మొత్తం మార్పించండి. దీపాలకు 1.5, పదహారు ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ; కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ; కొత్త ఎర్తింగు గుంట తప్పనిసరి. పాత ఇళ్లలో ఎర్తు తీగ ఉన్నట్టే కనిపించి ఎక్కడా కలవకుండా ఉండటం మామూలే, మీటరుతో పరీక్షించాకే నమ్మండి. తీగల కోసం సున్నపు గోడల్లో అడ్డంగా గాడులు కొట్టించవద్దు. పైపైన కనిపించే పైపుల్లో తీగలు లాగించండి.

ప్రశ్న: తెనాలిలో మాది మండువా లోగిలి. వాన జల్లు కొడుతోంది, కోతులు దిగుతున్నాయి, దోమలు సరేసరి. మండువా మొత్తం ఫైబరు షీటుతో మూసేద్దామనుకుంటున్నాం.

జవాబు: కోతుల బాధ, దోమల బాధ నిజమైనవే, వాటికి ఉపాయాలున్నాయి. మండువాను బిగించి మూసేస్తే మాత్రం వేడిగాలి పైకి పోయే గొట్టం మూసుకున్నట్టే. చుట్టూ ఉన్న గదులన్నీ ఆ మండువా మీదుగానే ఊపిరి తీసుకుంటున్నాయి. పైగా పారదర్శకమైన షీటు ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వదు. మే నెలలో అక్కడ నిలబడలేరు.

షీటు కావాలనే అనుకుంటే, పెంకుల అంచుకంటే రెండడుగులు ఎత్తున, నాలుగు వైపులా తెరిపి ఉండేలా, అంచుకు అడుగున్నర బయటికి వచ్చేలా వేయించండి. ఆ తెరిపికి కోతులు దిగకుండా జీఐ (జింకు పూసిన ఇనుప) జాలీ, దాని లోపల దోమల జాలీ బిగించండి. దోమల జాలీ ఊడదీసి కడుక్కునేలా ఉండాలి, దుమ్ము పట్టేస్తే గాలి ఆడదు.

అసలు దోమలు ఎక్కడ పుడుతున్నాయో కూడా చూడండి. మండువా తొట్టిలో నీళ్లు పూర్తిగా పోకుండా నిలుస్తూ ఉంటాయి. లోపలివైపు వాలిన కప్పు వంద చదరపు మీటర్లనుకుంటే, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు ఆ తొట్టిలోకే వస్తాయి. రెండంగుళాల పైపు అంత నీటిని లాగలేదు, నాలుగంగుళాలది కావాలి. నోటికి జల్లెడ, లోపల వాసన రాకుండా ట్రాపు ఉండాలి. ఈ నీటిని ఊరికే కాలువలోకి వదలకండి. తొలి వానల మురికి పోయాక పెరటి బావిలోకి మళ్లిస్తే వేసవికి పనికొస్తుంది.

జల్లుకంటే ఎక్కువ నష్టం చేసేది నాలుగు వాలులు కలిసే మూలల్లోని రేకు కాలువలు. తుప్పుపట్టి చిల్లులు పడితే నేరుగా మూల వాసం కుళ్లుతుంది. ఏటా మే నెలాఖర్లో పెంకులు రెండు వరసలు ఎత్తి చూడండి. మార్చాల్సి వస్తే అడుగున్నర వెడల్పు రేకు, ముక్కకు ముక్క ఆరంగుళాలకు తగ్గకుండా ఎక్కించి వేయాలి. మంగుళూరు పెంకులు చదరపు మీటరుకు పదిహేను పడతాయి. వందకు పది అదనంగా తెచ్చుకోండి. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ నుంచి ఈ పెంకు దేశమంతా పాకింది. ఫ్యాక్టరీని బట్టి గాడి కొలతలు కాస్త మారతాయి కాబట్టి, మీ పెంకు ఒకటి వెంట తీసుకెళ్లి జతచూసి కొనండి. గాడి కలవకపోతే కొత్త పెంకే కారుతుంది.

ప్రశ్న: మచిలీపట్నంలో మా ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ. వాళ్లు పాత ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కడతామంటున్నారు. మా దూలాలు ఆ గోడమీదే ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: గడ్డపార పడకముందే కదలండి. మీ ఇంటి ప్రతి గోడనూ, పాత పగుళ్లతో సహా, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఉమ్మడి గోడమీద మీ దూలాలున్నాయని, వాటికి ఆధారం పోకూడదని పక్కింటివారికీ, మున్సిపాలిటీకీ రాసి రసీదు తీసుకోండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం ఇరవై ఏళ్లుగా ఆటంకం లేకుండా పొందుతున్న ఆధారం హక్కుగా మారుతుంది. లాయరు చేత నోటీసు రాయించేటప్పుడు దీన్ని చూపమనండి. గొడవ కోసమే రాయక్కర్లేదు. మంచి సంబంధాలున్న ఇరుగుపొరుగుకు కూడా కాగితం మేలు చేస్తుంది.

పనిలో మూడు షరతులు పెట్టండి. ఉమ్మడి గోడకు ఆరడుగుల లోపల జేసీబీ రాకూడదు, చేత్తోనే విప్పాలి. పడగొట్టే ముందు మీవైపు దూలాలకు బాదులు పెట్టాలి. పునాది గుంట ఆ గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు, మూడు నాలుగడుగుల ముక్కలుగా ఒకటి విడిచి ఒకటి తవ్వి, కట్టి, తర్వాతది మొదలెట్టాలి. పాత గోడలు కూలిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ మూడోదాన్ని పట్టించుకోనివే.

ఇంకొకటి చాలామందికి తట్టదు. ఇన్నాళ్లూ లోపలి గోడగా ఉన్నది పక్కిల్లు పోగానే వానకు ఎదురవుతుంది. అటువైపు పూత ఉండదు, పాత దూలాల రంధ్రాలుంటాయి. కొత్త కట్టడం లేచేదాకా రెండు వానాకాలాలు పట్టొచ్చు. ఆ రంధ్రాలను ఇటుక, సున్నంతో పూడ్చి, గోడకు సున్నపు పూత వేసి, తలమీద నీరు దిగకుండా వాలుగా కట్టించే ఖర్చు వారిదేనని ముందే ఒప్పందంలో రాయించుకోండి.

ప్రశ్న: ఆదోనిలో మాది మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు చౌడు పోస్తాం. ఈమధ్య కప్పును మోసే దంతెలు వంగుతున్నాయి.

జవాబు: పోయడం మానకండి, కానీ పోసేముందు పాతది గీకి దించండి. ఏటా పొరమీద పొర పడి చాలా మిద్దెల మందం అడుగు దాటి ఉంటుంది. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. మొత్తం మందం అయిదారు అంగుళాలకు తెచ్చి, తూమువైపు వాలు సరిచేసి, పైన రెండంగుళాల కొత్త చౌడు తడిపి దిమ్మిస కొట్టండి. దించేటప్పుడు కింద గదిలో ఎవరూ ఉండకూడదు. వంగిన దంతెలకు ముందే బాదులు పెట్టుకోవాలి. రెండు వైపుల నుంచీ సమంగా దించాలి, ఒకవైపే ఖాళీ చేస్తే కప్పు తిరగబడే ప్రమాదముంది.

ప్రశ్న: హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్‌కు దగ్గర్లో మా తాతల ఇల్లు. రిపేరు చేయిద్దామంటే పర్మిషన్ రాదని కొందరు, ఏదీ అక్కర్లేదని కొందరు అంటున్నారు. నిజమేమిటి?

జవాబు: రెండు మాటలూ తప్పే. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం, అలాంటి కట్టడం రక్షిత హద్దు నుంచి వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ తర్వాతి రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. దూరాన్ని కట్టడం నడిమధ్య నుంచి కాదు, రక్షిత హద్దు గీత నుంచి కొలవాలి. ఈ ఒక్క తేడాతో కొన్ని ఇళ్లు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మారిపోతాయి. కాబట్టి ముందుగా సర్వే కొలత తీయించండి.

వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు. ఉన్న ఇంటి మరమ్మతుకు మాత్రం అనుమతి అడగవచ్చు. తర్వాతి రెండు వందల మీటర్లలో కొత్త నిర్మాణమైనా, పాతదాన్ని తిరిగి కట్టినా అనుమతి తీసుకునే చేయాలి. దరఖాస్తు రాష్ట్రానికి నియమించిన కాంపిటెంట్ అథారిటీకి (అనుమతులిచ్చే అధికారి) వెళ్తుంది, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు చేయాలి. అనుమతి లేకుండా కడితే రెండేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. మున్సిపల్ అనుమతి దీనికి బదులు కాదు, అదీ విడిగా కావాలి. మూడు వందల మీటర్లు దాటి ఉన్నా, 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద మీ ఇల్లుగానీ వీధిగానీ జాబితాలో ఉందేమో వాకబు చేయండి.

దరఖాస్తుతోపాటు యాజమాన్య పత్రాలు, సైటు ప్లాను, ఇప్పటి ఇంటి కొలతల డ్రాయింగు, నాలుగు వైపుల ఫొటోలు, చేయబోయే పని వివరం సిద్ధం చేసుకోండి. పని వివరంలో ‘రిపేరు’ అని ఒక్కమాట రాసి ఊరుకుంటే ప్రశ్నలతో తిరిగొస్తుంది. ‘మొదటి అంతస్తు వెనక గదిలో ఆరు టేకు దూలాల కొనల మరమ్మతు, అదే ఎత్తులో, దక్షిణ గోడకు సున్నపు పూత, రెండు వందల చదరపు అడుగులు’ అని గదివారీగా, కొలతలతో రాయండి. పాత ఎత్తు, పాత హద్దు మారడంలేదని డ్రాయింగులో స్పష్టంగా చూపండి. వానాకాలానికి ముందే కప్పు పని పూర్తి కావాలంటే కాగితాలు ఆరేడు నెలల ముందే పెట్టండి. ఈలోగా కారే చోట టార్పాలిన్ కప్పి, బాదులు నిలబెట్టి, తూములు శుభ్రం చేయించండి.